మళ్ళీ చదవాలా, పుస్తకం మూసి రాయాలా? గోదావరి జిల్లాల కాలేజీ విద్యార్థులకు చదువు పద్ధతుల పోలిక

మిడ్స్ మార్కులు వచ్చిన రోజు అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా, కాకినాడలోనైనా వినిపించే మాట ఒకటే: "చదివిందేనండి, పేపర్ చూశాక గుర్తు రాలేదు." పిల్లలు తమ జ్ఞాపకశక్తిని తిట్టుకుంటారు. ఇంట్లోవాళ్ళు ఫోన్‌ని తిడతారు. చాలాసార్లు తేడా వచ్చేది మాత్రం ఎంచుకున్న పద్ధతి దగ్గర. చదువుతున్నప్పుడు హాయిగా అనిపించే పద్ధతులు వేరు, పరీక్ష హాల్లో అక్కరకొచ్చేవి వేరు.

అందుకే ఇక్కడ ఏ రెండు పద్ధతులను పోల్చినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఈ చదువు మీకు ఎప్పటికి కావాలి? రేపు పొద్దున్న మిడ్ కోసమా, మూడు నెలల తర్వాత సెమిస్టర్ కోసమా, డిగ్రీ అయ్యాక రాయబోయే పీజీసెట్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల కోసమా? జవాబును బట్టి గెలిచే పద్ధతి మారిపోతుంది.

మళ్ళీ చదవడమా, మూసి గుర్తు చేసుకోవడమా

అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఇదే. ఇది ఒక్కటి సరిగ్గా కుదిరితే కింద చెప్పిన మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పద్ధతిలో పాఠాన్ని చదివి, మళ్ళీ ఇంకోసారి చదివారు. రెండో పద్ధతిలో ఒక్కసారే చదివి, కాగితం పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి: వాళ్ళకి 81 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 75 శాతం. వారం తర్వాత పెడితే లెక్క తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్ళకి 42 శాతమే మిగిలింది, ఒకసారి చదివి రాసినవాళ్ళకి 56 శాతం. రాసినవాళ్ళకి పాఠం మళ్ళీ చూపించలేదు, తప్పులు దిద్దలేదు. అయినా వాళ్ళే ముందున్నారు. అదే పరిశోధనలో ఇంకో ప్రయోగంలో, పదేపదే చదివినవాళ్ళు తమకే బాగా గుర్తుంటుందని ధీమాగా అంచనా వేసుకున్నారు. వారం తర్వాత వెనకబడింది వాళ్ళే. మన "చదివిందేనండి" వెనకున్నది సరిగ్గా ఈ ధీమానే.

మూసి గుర్తు చేసుకోవడం ఎలా ఉంటుందో బీకాం లెక్క ఒకటి పెట్టుకుని చూద్దాం. రొయ్యల చెరువుకి ఒక ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) కొన్నారు. ఖరీదు 40,000 రూపాయలు, తరుగుదల (వాడకం వల్ల తగ్గే విలువ) ఏడాదికి 10 శాతం. పుస్తకంలో లెక్క చేసి ఉంది. చదువుతుంటే ప్రతి వరుసా తెలిసినట్టే ఉంటుంది. ఇప్పుడు పుస్తకం మూసి తెల్లకాగితం తీయండి. మొదటి ఏడాది తరుగుదల 4,000. స్థిర వాయిదాల పద్ధతిలోనూ అంతే, తగ్గుతున్న నిల్వల పద్ధతిలోనూ అంతే. రెండో ఏడాదికి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. మళ్ళీ 4,000 వెయ్యాలా, మిగిలిన 36,000 మీద 10 శాతం కట్టి 3,600 వెయ్యాలా? పెన్ను ఆగిన ఆ చోటే మీకు రాని చోటు. చదువుతున్నంతసేపూ అది కనపడలేదు, ఎందుకంటే జవాబు కళ్ళెదుటే ఉంది. ఆగిన చోట ఎర్ర పెన్నుతో చిన్న గీత పెట్టుకోండి. పుస్తకం తెరిచి అంతవరకే చూసుకుని, మళ్ళీ మూసి మూడో ఏడాదికి వెళ్ళండి. ఏటా అసలు ఖరీదు మీదే కట్టే మొదటి పద్ధతిలో మళ్ళీ 4,000, ఏటా మిగిలిన విలువ మీద కట్టే రెండో పద్ధతిలో 3,240 రావాలి.

ఈ పని చిరాకు పుట్టిస్తుంది, అది నిజం. అరగంటలో పదిహేను పేజీలు తిరగేసే బదులు మూడు పేజీల దగ్గరే ఆగిపోతారు. పక్క బెంచీ అమ్మాయి యూనిట్ పూర్తి చేసిందని తెలిస్తే టెన్షన్ కూడా వస్తుంది. అయినా సెమిస్టర్‌కి చదువుతుంటే ఇదే ఎంచుకోండి. పరీక్షకి గంట ముందు చెట్టు కింద నిలబడి చూసుకునేటప్పుడు మాత్రం మళ్ళీ చదవడమే మేలు. అంత తక్కువ వ్యవధికి అది పనికొస్తుందని పైన లెక్కే చెబుతోంది.

ఒక మినహాయింపు ఉంది. అసలు అర్థమే కాని విషయాన్ని మూసి రాయాలని కూర్చుంటే వృథా ప్రయాస. ఇంజనీరింగ్ మ్యాథ్స్‌లో కొత్త ఛాప్టర్ మొదలుపెట్టినప్పుడు, చేసి ఉన్న లెక్కలు రెండు మూడు నిదానంగా, ప్రతి మెట్టూ ఎందుకొచ్చిందో అడుగుతూ చూడాలి. సొంతంగా చేయడం ఆ తర్వాత.

హైలైటర్ గురించి ఒక్క మాట. 2013లో డన్‌లోస్కీ బృందం పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, తమని తాము పరీక్షించుకోవడానికీ, విడతలుగా చదవడానికీ పై స్థానం ఇచ్చింది. గీతలు పెట్టుకోవడం, మళ్ళీ మళ్ళీ చదవడం అట్టడుగు వరుసలో ఉన్నాయి. సీనియర్ల దగ్గర సగం ధరకి కొన్న పుస్తకంలో పేజీ పేజీ పసుపు రంగులో మెరిసిపోతుంటే సంబరపడకండి. ఏది ముఖ్యమో ఆ సీనియర్‌కీ తెలియలేదన్నమాట.

ఒక్కసారే కూర్చోవడమా, విడతలుగా చదవడమా

సెమిస్టర్‌కి పది రోజుల ముందు పుస్తకం తెరవడం మన దగ్గర ఆనవాయితీ. ప్రిపరేషన్ సెలవులిచ్చేదే అందుకు కదా అంటారు. మర్నాటి పరీక్ష ఒక్కటే లక్ష్యమైతే ఒకే బిగిన చదవడమూ పని చేస్తుంది, కాదనను. తర్వాత నెలకి ఏమీ మిగలదు, అంతే. మొదటి సెమిస్టర్‌లో అలా గట్టెక్కిన సబ్జెక్టు మీదే మూడో సెమిస్టర్ పేపర్ నిలబడి ఉన్నప్పుడు దాని ఖరీదు తెలుస్తుంది.

విడతల మధ్య ఎంత ఎడం ఉండాలన్నదానికి 2008లో సెపెడా, ఆయన సహచరులు చేసిన పెద్ద ప్రయోగం పనికొచ్చే అంకెలు ఇచ్చింది. పరీక్ష వారంలో ఉంటే రెండు చదువుల మధ్య ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. 35 రోజుల తర్వాత ఉంటే 11 రోజులు. 70 రోజుల తర్వాత ఉంటే 21 రోజులు. పరీక్ష ఎంత దూరంలో ఉంటే ఎడం అంత పెరగాలి. రోజూ అదే ఛాప్టర్ మీద కూర్చోవడం కష్టపడటమే గానీ తెలివైన కష్టం కాదు.

దీన్ని మన ఊళ్ళ క్యాలెండర్‌లో పెట్టి చూడండి. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబర్, డిసెంబర్‌లలో వస్తాయి, చాలా కాలేజీల్లో మొదటి సెమిస్టర్ పరీక్షల హడావుడీ అప్పుడే. దానికి తోడు తుపాను హెచ్చరిక వస్తే ఇంటిల్లిపాదీ రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఎత్తడానికి పరుగెత్తాల్సిందే, కొడుకు బీఎస్సీ అయినా బీటెక్ అయినా. దాళ్వా (రబీ వరి) కోతలు ఏప్రిల్‌లో, మళ్ళీ పరీక్షల ముందు. మధ్యలో సంక్రాంతి. ప్రభల తీర్థం, కోడి పందేలు, కొత్త అల్లుళ్ళ మర్యాదలు నడుస్తున్న ఇంట్లో పుస్తకం పట్టుకునేవాడిని నేనైతే ఇంతవరకూ చూడలేదు. వ్యవసాయం ఉన్న ఇంటి పిల్లలకి "చివరి పది రోజులు" అనేది చేతిలో ఉండే వస్తువు కాదు. వాళ్ళకి విడతల పద్ధతి తప్ప గత్యంతరం లేదు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ప్రతి యూనిట్‌నీ కనీసం రెండుసార్లు మూసి రాసి ఉంటే, కోతల వారంలో పుస్తకం ముట్టకపోయినా కొంప మునగదు.

లెక్కలున్న సబ్జెక్టులకి ఇంకో సంగతి. ఒకే రకం లెక్కలు వరసగా పది చేయడం కంటే, నాలుగైదు రకాలు కలగాపులగంగా చేయడం మేలు. 2007లో రోరర్, టేలర్ కొన్ని ఘనపరిమాణం లెక్కలతో దీన్ని పరీక్షించారు. సాధన సమయంలో ఒకే రకం వరసగా చేసినవాళ్ళు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్ళు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్ళకి 20 శాతం, కలిపి చేసినవాళ్ళకి 63 శాతం. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ప్రశ్నపత్రంలో ఏ లెక్కకి ఏ సూత్రం వాడాలో ఎవరూ పైన శీర్షిక పెట్టి చెప్పరు. ఏరేటర్ లెక్కలోనే చూడండి, ఏ పద్ధతిలో కట్టాలో గుర్తుపట్టడమే సగం పని.

రూము తీసుకోవడమా, రోజూ బస్సులో వెళ్ళిరావడమా

డెల్టాలో ఇది చదువుకి సంబంధించిన ప్రశ్నే. అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడ వెళ్ళాలంటే బస్సులో సుమారు రెండు గంటలు. రానూపోనూ నాలుగు. సఖినేటిపల్లి వైపు పిల్లలు నరసాపురం కాలేజీకి రావాలంటే గోదావరి పాయ వశిష్ఠ మీద పంటు (జనాన్ని, బళ్ళని దాటించే పడవ) ఎక్కాలి, పంటు దగ్గరికి రావడానికి ఆటో ఎక్కాలి.

రూముకి ఓటేసేవాళ్ళు ముందు చెప్పేది టైము మిగులుతుందని. నిజమే, మిగులుతుంది. అయితే మిగిలిన టైమంతా చదువుకే పోతుందని లెక్క కట్టకండి. నలుగురు ఒక రూములో ఉంటే వంటా, గిన్నెలూ, క్రికెట్ మ్యాచ్‌లూ, ఎవరిదో ఒకరి పుట్టినరోజూ ఉంటాయి. ఇంటి దగ్గర అమ్మ వండి పెడుతుంది, పది గంటలకి లైటు తీసెయ్యమంటుంది. నిద్ర విషయంలో చాలామందికి ఇల్లే నయం. డబ్బు సంగతి సరేసరి: అద్దె, మెస్సు, కరెంటు బిల్లు కలిపితే విద్యార్థి బస్‌పాస్ ముందు నిలవవు.

నా లెక్క ఇలా ఉంటుంది. ఒకవైపు ప్రయాణం గంటలోపైతే ఇంటి నుంచే వెళ్ళండి. గంటన్నర దాటితే, ఇంట్లో ఆర్థికంగా వీలుంటే రూమో హాస్టలో చూసుకోండి. ఆ మధ్యలో ఉన్నవాళ్ళు పరీక్షలున్న నెల మాత్రం ఏ బంధువుల ఇంట్లోనో ఉండేలా మాట్లాడుకోవడం మంచిది. ఆడపిల్లల్ని రూముల్లో ఉంచడానికి చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు. అక్కడ ప్రశ్న "రూమా, బస్సా" అని కాకుండా "బస్సులో ఏం చేయాలి" అని మారుతుంది.

బస్సులో చదవడం కుదరదు. సీటు దొరకదు, దొరికినా రావులపాలెం దాటేసరికి కుదుపులకి కళ్ళు తిరుగుతాయి. గుర్తు చేసుకోవడం మాత్రం భేషుగ్గా కుదురుతుంది, దానికి పుస్తకం అక్కర్లేదు కాబట్టి. పొద్దున్న బయలుదేరే ముందు ఒక చీటీ మీద అయిదు ప్రశ్నలు రాసి జేబులో పెట్టుకోండి. జవాబులు రాయొద్దు. కమ్మీ పట్టుకుని నిలబడే ఒక్కో ప్రశ్నకీ మనసులో జవాబు చెప్పుకుంటూ రండి. తెలియనిదానికి బొటనవేలితో చీటీ చివర మడత పెట్టండి. కాలేజీలో దిగాక మడతలున్నవి మాత్రమే పుస్తకంలో చూసుకోండి. రూములో ఉన్నవాడికి కుదరని క్రమశిక్షణ బస్సు పిల్లలకి ఇలా అప్పనంగా దొరుకుతుంది.

ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళకి అసలు దెబ్బ జూలై, ఆగస్టు నెలల్లో. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు, కాజ్‌వేలు మునుగుతాయి, లంక గ్రామాలవాళ్ళు పడవల మీద ఆధారపడతారు. క్లాసులు మాత్రం టౌన్లో మామూలుగా జరిగిపోతాయి. కొత్త సబ్జెక్టు పునాది పడే రోజులవి. జూన్‌లోనే టౌన్లో ఉండే క్లాస్‌మేట్ ఒకరితో మాట్లాడిపెట్టుకోండి. బోర్డు ఫోటోలు పంపిస్తే చాలదు, సాయంత్రం ఫోన్ చేసి పది నిమిషాలు పాఠం చెప్పమనండి. చెప్పేవాళ్ళకీ లాభమే. ఇంకొకరికి చెప్పడమంటే పుస్తకం మూసి గుర్తు చేసుకోవడమే కదా.

ఇంట్లో కూర్చునే చోటు లేకపోతే గ్రంథాలయం చూడండి. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది, మిగతా టౌన్లలో శాఖా గ్రంథాలయాలున్నాయి. పోటీ పరీక్షలవాళ్ళు పొద్దున్నే వచ్చి ఫ్యాన్ కింద కుర్చీలు పట్టేస్తారు. వాళ్ళ మధ్య కూర్చుంటే ఫోన్ తీయడానికి మొహమాటం వేస్తుంది, అదీ ఒక సదుపాయమే.

ఇంగ్లీషులో బట్టీయా, తెలుగులో అర్థం చేసుకోవడమా

మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీష్ మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్ళు చాలామంది ఇక్కడ చతికిలపడుతున్నారు. తెలివి లేక కాదు. అర్థం చేసుకోవడం, ఇంగ్లీషులో చెప్పడం అనే రెండు పనులూ ఒకేసారి మీద పడుతున్నాయి. దాంతో జెరాక్స్ నోట్స్ కొనుక్కుని పేరాలకి పేరాలు బట్టీ పడతారు. మధ్యలో ఒక వాక్యం జారిపోతే తర్వాతిదీ రాదు. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే అసలే రాదు.

ఈ రెండు పనులనూ విడదీయండి. అర్థం చేసుకోవడం తెలుగులో చేయండి. తెలుగు మీడియం పాత పుస్తకమో, తెలుగులో పాఠం చెప్పే యూట్యూబ్ వీడియోనో వాడుకోండి, నామోషీ అక్కర్లేదు. పుస్తకం మూసి రాసే పని మాత్రం పరీక్ష భాషలోనే చేయండి, ఎంత వచ్చీరాని ఇంగ్లీషైనా సరే. ఎనిమిది మాటలు మించని చిన్న వాక్యాలు రాయండి. సాంకేతిక పదాలు మాత్రం తప్పుల్లేకుండా ఇంగ్లీషులోనే నేర్చుకోవాలి, అక్కడ బట్టీ తప్పదు. మొదటి నెల ఘోరంగా అనిపిస్తుంది. కానీ బట్టీ పట్టినవాడి ఇంగ్లీషు మూడో ఏడాదికీ అక్కడే ఉంటుంది, ఇలా రాసినవాడిది అక్కడ ఉండదు.

మిగతావి, క్లుప్తంగా

తెల్లవారుజామా, రాత్రా? పెద్దవాళ్ళు నాలుగింటికి లేవమంటారు. ఇరవై ఏళ్ళ వయసులో ఒంటి గడియారం కొంచెం ఆలస్యంగా నడవడం సహజం, కాబట్టి రాత్రి పదకొండు దాకా చదివేవాడు బద్ధకస్తుడేమీ కాదు. ఏప్రిల్ నెల ఉక్కపోతలో మాత్రం తెల్లవారుజామే మనకి శరణ్యం. ఏది ఎంచుకున్నా నిద్రకి కోత పెట్టకండి. చదివాక నిద్రపోతే మరుపు తగ్గుతుందని 1924 నాటి జెంకిన్స్, డాలెన్‌బాక్ ప్రయోగం నుంచీ తెలిసిన విషయమే. పరీక్ష ముందు రోజు రాత్రంతా మేలుకుని చదివే నైట్ అవుట్‌కి నేను పూర్తిగా వ్యతిరేకిని.

కంబైన్డ్ స్టడీనా, ఒంటరిగానా? మొదటిసారి చదవడం ఒంటరిగా, ఒకరినొకరు ప్రశ్నలడుక్కోవడం కలిసి. ముగ్గురు మించితే అది కంబైన్డ్ స్టడీ కాదు, కబుర్లే.

చేత్తో నోట్సా, ఫోన్‌లో బోర్డు ఫోటోనా? ల్యాప్‌టాప్ కంటే చేతిరాతే మేలని 2014లో ఒక పరిశోధన బాగా పేరు తెచ్చుకుంది. తర్వాత చేసినవాళ్ళకి అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు. కాబట్టి చేతిరాతలో మహత్తు ఉందనుకోకండి. లెక్చరర్ చెప్పింది మీ మాటల్లో కుదించి రాస్తే మేలు, అక్షరం పొల్లుపోకుండా దింపితే చేత్తో రాసినా ఒరిగేదేమీ లేదు. ఫోటో తీస్తే ఆ రాత్రికే తెరిచి చూడాలి. గ్యాలరీలో మేనమామ పెళ్ళి ఫోటోల కింద పడిపోయిన థర్మోడైనమిక్స్‌ని మళ్ళీ ఎవరూ తీయరు.

ఇప్పుడు కొత్తగా చాట్‌బాట్ వచ్చింది. జవాబులు అడగడానికి వాడితే అది ఇంకో జెరాక్స్ నోట్స్ అవుతుంది. మీ యూనిట్ పేరు చెప్పి పది ప్రశ్నలు ఇవ్వమనండి, జవాబులు ఇవ్వొద్దనండి. బస్సు చీటీకి కావాల్సినవి వాటిలోంచి ఏరుకోవచ్చు. రాశాక సరిచూసుకోవడానికి మాత్రం పాఠ్యపుస్తకమే తెరవాలి, ఎందుకంటే చాట్‌బాట్ తరుగుదల లెక్కలో తప్పు చేసినా ధీమాగానే చెబుతుంది.